కూలి కాదు, కృప

క్రైస్తవ విశ్వాసంలో కృప అంటే అర్హత లేనివారికి దేవుడు ఉచితంగా చేసే మేలు. గ్రీకు మూలంలోని ‘ఖారిస్’ అనే మాటకు తెలుగు ప్రొటెస్టంట్లు కృప అని, క్యాథలిక్కులు వరప్రసాదం అని వాడతారు. పాపం నుంచి రక్షణ ఈ కృపవల్లనే కలుగుతుందని, సత్క్రియలతో దాన్ని సంపాదించుకోలేమని చెప్పేదే కృపా రక్షణ సిద్ధాంతం.

దీన్ని విడమరచి చెప్పినవాడు అపొస్తలుడైన పౌలు. రోమీయులకు రాసిన పత్రికలో ఆయన కూలి లెక్క తెచ్చాడు. పనిచేసినవాడికి ఇచ్చే జీతం బాకీ తీర్చడమే, దయ చూపడం కాదు. రక్షణ విషయంలో దేవుడు ఎవరికీ బాకీ లేడు.

మనిషి తలచుకుంటే పాపం చేయకుండా బతకగలడని అయిదో శతాబ్దంలో పెలాగియస్ అనే క్రైస్తవ గురువు బోధించాడు. అదే నిజమైతే క్రీస్తు సిలువ మరణం ఎందుకని వేదాంతి అగస్టీన్ నిలదీశాడు. 418లో కార్తేజ్ సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది. ఆ తర్వాత గొడవంతా కృప కావాలా అక్కర్లేదా అన్నదానిమీద కాదు, దాన్ని అందుకోవడంలో మనిషి వంతు ఎంత అన్నదానిమీదే.

ఆ గొడవకు నిప్పు రాజేసినవాడు మార్టిన్ లూథర్. పాపశిక్షను తగ్గించే పత్రాల అమ్మకాన్ని విమర్శిస్తూ ఈ విటెన్‌బర్గ్ సన్యాసి 1517లో 95 ప్రతిపాదనలు వెలువరించాడు. 1522లో కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెస్తూ, విశ్వాసంవల్ల మనిషి నీతిమంతుడవుతాడనే పౌలు వాక్యంలో మూలంలో లేని ‘మాత్రమే’ను చేర్చాడు. జర్మన్ నుడికారం ఆ మాటను కోరుతుందని 1530లో సమర్థించుకున్నాడు కూడా. తమాషా ఏమిటంటే, ‘విశ్వాసం మాత్రమే’ అన్న మాట కొత్త నిబంధనలో కనిపించేది ఒక్క యాకోబు పత్రికలోనే, అదీ ‘కాదు’ అని చెప్పడానికి! లూథర్ ఆ పత్రికను గడ్డితో పోల్చాడు.

1547లో ట్రెంట్ సభ క్యాథలిక్ జవాబు చెప్పింది. తొలి అడుగు కృపదేనని అదీ ఒప్పుకుంది. అయితే మనిషి సంకల్పం ఆ కృపకు సహకరించాలని, విశ్వాసం ఒక్కటే చాలదని తేల్చింది. లూథరన్ల దృష్టిలో దేవుడు పాపిని నీతిమంతుడని ప్రకటిస్తాడు. ట్రెంట్ దృష్టిలో లోపలినుంచి మార్చి నీతిమంతుడిగా చేస్తాడు. తెలుగు బైబిల్లోని ‘నీతిమంతులుగా తీర్చబడి’ అన్న ప్రయోగంలో ఈ రెండర్థాలూ ఇముడుతాయి. తీర్చడమంటే తీర్పు చెప్పడమూ అవుతుంది, తీర్చిదిద్దడమూ అవుతుంది.

1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో క్యాథలిక్ చర్చి, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఈ వివాదం గురించిన ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఆ సమాఖ్యలో సభ్యురాలు. రక్షణ కృపవల్లనే కలుగుతుందని, మన యోగ్యతవల్ల కాదని ఇరుపక్షాలూ అంగీకరించాయి. సత్క్రియలు రక్షణకు వెల కాదు, దాని ఫలాలు. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ చర్చిల సమాఖ్య ఈ ప్రకటనతో చేయి కలిపారు. రెండో సంతకం జరిగింది లూథర్ ఊరు విటెన్‌బర్గ్‌లోనే.