చుక్క కాదు... పక్షి కావాలి!

కెమెరా జేబులో పట్టాలి. చెరువు అవతలి పక్షి ఎదురుగా వాలినట్టు కనిపించాలి. ఫొటో ఎంత పెద్దది చేసినా ఈకలు లెక్కపెట్టేలా ఉండాలి. కెమెరా కొనడానికి వెళ్లే వాళ్లంతా కోరేవి ఈ మూడే. ఏ దుకాణంలోనూ ఒక్కచోట దొరకనివీ ఈ మూడే!

ఓ జనవరిలో నాన్నతో కలిసి నేలపట్టు వెళ్లాను. సూళ్లూరుపేటకు దగ్గర్లోని ఈ చెరువులో చలికాలం వస్తే చాలు... గూడబాతులు నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. నాన్నకి మోకాళ్ల నొప్పులు. మంచె ఎక్కలేక కిందే కూర్చుండిపోయారు. ‘‘పిల్లలకి మేత ఎలా పెడతాయో ఫొటో తీసుకురారా, చూస్తాను’’ అన్నారు.

పది నిమిషాల్లో దిగొచ్చి చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. ‘‘ఇందులో పక్షేది?’’ అన్నారు. చెట్టు నిండా తెల్ల చుక్కలు. బటన్ నొక్కి పెద్దది చేస్తే పిండిముద్దలు! నా జేబు కెమెరా డబ్బా మీద మాత్రం ‘16 రెట్ల జూమ్’ అని ఉంది.

ఏది అసలు జూమ్?

ఆ పదహారులో లెన్సు చేసే పని నాలుగు రెట్లే. మిగతాది డిజిటల్ జూమ్. అంటే తీసిన బొమ్మలో మధ్య ముక్క కత్తిరించి సాగదీయడం. రబ్బరు బుడగను ఊదితే దాని మీది బొమ్మ పెద్దదవుతుంది కానీ, కొత్త గీతలు పుట్టవు కదా! ఇదీ అంతే. కాబట్టి చూడాల్సింది ‘ఆప్టికల్ జూమ్’ ఒక్కటే.

అక్కడా ఒక మెలిక ఉంది. ‘రెట్లు’ అంటే లెన్సు చివరి అంకెను మొదటి అంకెతో భాగిస్తే వచ్చేది. 24-720 ఎం.ఎం. లెన్సుది 30 రెట్ల జూమ్. 100-400 ఎం.ఎం.ది నాలుగు రెట్లే. అలాగని రెండోది పనికిరానిదేం కాదు. పక్షుల కోసమైతే రెట్లు కాదు, చివరి అంకె చూడాలి. అది కూడా ‘35 ఎం.ఎం. సమానం’ అని రాసే లెక్కలో.

నేలపట్టునే తీసుకుందాం. గూడబాతు దాదాపు ఒకటిన్నర మీటర్ల పొడవుంటుంది. అది వంద మీటర్ల దూరంలో ఉందనుకోండి. 24 ఎం.ఎం. దగ్గర ఫొటో వెడల్పులో 150 మీటర్ల మేర పడుతుంది. అందులో పక్షి నూరో వంతు... అంటే చుక్కే! 200 ఎం.ఎం. దగ్గర పన్నెండో వంతు. 600 ఎం.ఎం. దగ్గర ఫొటోలో పావు భాగం అదే. 600 దాటితేనే గూటిలో ఏం జరుగుతోందో తెలుస్తుందన్నమాట.

అంగుళం లేని ‘అంగుళం’

అలాగైతే ఎక్కువ జూమ్ ఉన్నదే కొనేస్తే పోలా? పోదు. లెన్సు తెచ్చిన వెలుతురును పట్టుకునేది సెన్సర్. అది పెద్దదైతే ఫొటో మచ్చల్లేకుండా వస్తుంది. ఎక్కువ జూమ్ ఉన్న చిన్న కెమెరాల్లో ఇది సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగున్నర ఎత్తు ఉంటుంది... చిటికెన వేలి గోరంత కూడా కాదు! ‘ఒక అంగుళం’ సెన్సర్ 13.2, 8.8 మిల్లీమీటర్లు. పేరులో తప్ప కొలతలో అంగుళం లేదు. పాత టీవీ కెమెరా గొట్టాల కొలత నుంచి వచ్చిన పేరది. అయినా చిన్నదానికి వైశాల్యంలో నాలుగు రెట్లు. 36, 24 మిల్లీమీటర్ల ‘ఫుల్ ఫ్రేమ్’ అయితే ముప్ఫై రెట్లు.

సెన్సర్ పెద్దదైతే దానికి తగ్గ లెన్సూ పెద్దదవుతుంది. బరువూ, ధరా దాని వెంటే! మూడూ కలిసి దొరకకపోవడానికి కారణం ఇదే.

మూడింట్లో రెండు

అందుకే ముందు దేన్ని వదులుకుంటారో తేల్చుకోండి.

జేబు, జూమ్ చాలంటే... కెనాన్ ఎస్ఎక్స్740 (2018) లాంటివి. 300 గ్రాముల్లోపే 960 ఎం.ఎం. దాకా వెళ్తాయి. మబ్బు పడితే మాత్రం తడబడతాయి.

జేబు, నాణ్యత కావాలంటే... పానసోనిక్ టీజడ్200 (2018). అంగుళం సెన్సర్, 340 గ్రాములు. జూమ్ 360 దగ్గరే ఆగిపోతుంది. పెళ్లిళ్లకీ, తిరుపతి ప్రయాణానికీ భేషైనది.

జూమ్, నాణ్యత రెండూ కావాలంటే... సోనీ ఆర్ఎక్స్10-4 (2017). అంగుళం సెన్సర్‌తో 600 ఎం.ఎం. బరువు కిలో పైమాటే.

ఇక నికాన్ పీ1000 (2018) ఏకంగా 3000 ఎం.ఎం. దాకా లాగుతుంది. చంద్రుడి మీది గుంతలు చూపిస్తుంది! బరువు 1,415 గ్రాములు, సెన్సర్ మాత్రం ఆ గోరు ముక్కే. ఈ పాత మోడళ్లలో కొన్నింటిని సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవాల్సి రావచ్చు.

పిల్లల ఆటపాటలకీ, పుట్టినరోజులకీ అయితే మంచి ఫోనే చాలు. దానికోసం వేరే కెమెరా దండగ.

కొనేముందు ఈ పరీక్షలు

* కిలో కందిపప్పు ప్యాకెట్ సంచిలో వేసుకుని, మెడకు తగిలించుకుని గంటసేపు నడవండి. విసుగొస్తే కిలో కెమెరా మీకొద్దు. బీరువాలో పడుకున్న మంచి కెమెరా కంటే చేతిలో ఉన్న మామూలుది నయం.

* దుకాణానికి మీ మెమరీ కార్డు తీసుకెళ్లండి. జూమ్ చివరికంటా లాగి ఎదుటి వీధి బోర్డును తీయండి. ఇంటికొచ్చి కంప్యూటర్లో అక్షరాలు చూడండి.

* 600 ఎం.ఎం. దగ్గర చెయ్యి వణుకు కనిపించకూడదంటే షట్టర్ వేగం సెకనులో 600వ వంతయినా ఉండాలన్నది పాత లెక్క. వణుకు తగ్గించే ఏర్పాటు కెమెరాలో ఉంటే అంత వేగం అక్కర్లేదు. కానీ, ఎగిరే పక్షిని అది ఆపలేదు.

* మధ్యాహ్నం నీటి మీద వేడిగాలి సుడులు తిరుగుతుంటే ఎంత ఖరీదైన లెన్సయినా అలికేసినట్టే తీస్తుంది. పొద్దున్నే వెళ్లండి. దీనికి ఖర్చు లేదు!

మరుసటి జనవరిలో స్నేహితుడి దగ్గర 600 ఎం.ఎం. కెమెరా అడిగి తీసుకుని మళ్లీ నేలపట్టు వెళ్లాం. నాన్న కిందే కూర్చున్నారు. ఈసారి కెమెరా అందుకుని చాలాసేపు మాట్లాడలేదు. తల్లి గొంతు సంచిలోకి మెడదాకా తల దూర్చేసి ఉంది పిల్ల. ‘‘ఓరి... నోట్లో చెయ్యి పెట్టి లాక్కుంటున్నట్టే ఉందిరా!’’ అని ఒకటే నవ్వు.

ఆ ఫొటో ఇప్పుడు ఆయన మంచం ఎదురుగా గోడ మీద ఉంది. నా మెడకు మాత్రం రెండ్రోజులు అమృతాంజనం తప్పలేదు.