గుండ్ల సందుల్లో గబ్బిలాల లెక్క

ఆలేరు చుట్టుపక్కల నుంచి భువనగిరి ఏకశిలా గుట్ట మీదుగా నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టభూముల దాకా పరచుకున్న గ్రానైట్ శిలలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. ఎండకూ వానకూ పగిలి, ఒకదానిపై ఒకటి ఒరిగిన ఈ గుండ్ల మధ్య ఏర్పడిన సందులు, చిన్నచిన్న గుహలు గబ్బిలాలకు అనువైన నెలవులు. వాటికి తోడు కొలనుపాక వంటి పురాతన ఆలయ క్షేత్రాలు, పాడుబడిన గడీలు, వాడకం తప్పిన దిగుడు బావులు, చెరువు గట్ల మీది మర్రిచెట్లు కూడా ఈ ప్రాంతంలో ఉన్నాయి. నిజాం రాజ్యంలోని పక్షుల సర్వేను సలీం అలీ 1931-32లోనే జరిపారు. గబ్బిలాల పరిశీలన మాత్రం నల్లమల అడవులు, బొర్రా గుహలు వంటి పేరుపడ్డ చోట్ల మీదనే ఎక్కువగా నిలిచి, అడవి పలచగా ఉన్న ఈ మెట్టప్రాంతపు గుట్టలకు తగిన శ్రద్ధ దక్కలేదు.

ప్రపంచంలో 1,400కు పైగా, భారతదేశంలో దాదాపు 130 గబ్బిలం జాతులున్నాయి. పగలు మర్రికొమ్మలకు వేలాడుతూ అందరికీ కనిపించే పెద్ద పండ్ల గబ్బిలం రెక్కలు చాస్తే మీటరుకు మించి సాగుతుంది, బరువు కిలో కూడా దాటవచ్చు. పురుగులను తిని బతికే పిపిస్ట్రెల్ వర్గంలోని అతిచిన్న గబ్బిలం రెండు మూడు గ్రాములే తూగుతుంది. కంటికి ఒకేలా కనిపించే ఈ చిన్న జాతులను వేరుచేసి గుర్తించడమే సర్వేలో అసలు కష్టం.

పని గూళ్ల వెతుకులాటతో మొదలవుతుంది. గూడు అంటే ఇక్కడ కట్టుకున్నది కాదు, గబ్బిలాలు పగటిపూట విశ్రమించే చోటు. ఏ గుండు కింద రెట్ట పోగుపడి ఉందో, ఏ సందులోంచి మాపటివేళ అవి గుంపుగా లేస్తాయో గొర్రెలు కాచేవారికీ తాళ్లెక్కే గీత కార్మికులకూ తెలిసినంతగా ఇతరులకు తెలియదు కనుక, ఊరివారిని అడగకుండా చేసే సర్వే సగం సర్వేయే. ఆ తరువాత అనుమతి పొందిన పరిశోధకులు సన్నని దారపు వలలు కట్టి, చిక్కిన గబ్బిలాన్ని గుడ్డసంచిలో ఉంచి, తూచి, మోచేతి నుంచి మణికట్టు దాకా ఉండే ముంజేతి ఎముకను వెర్నియర్ కాలిపర్‌తో కొలుస్తారు. ఆకుముక్కు గబ్బిలాలకు ముక్కు చుట్టూ ఆకు వంటి చర్మపు మడత ఉంటుంది; దాని పక్కన ఇరువైపులా మూడేసి చిన్న మడతలుంటే అది ష్నైడర్ ఆకుముక్కు గబ్బిలం, పక్కమడతలు అసలే లేక చెవులు పెద్దవిగా ఉంటే ఫుల్వస్ జాతి కావచ్చు.

వలకు చిక్కనివాటిని ధ్వని పట్టిస్తుంది. గబ్బిలం తాను చేసిన కూత ఎదుటి వస్తువుకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి దారినీ ఆహారాన్నీ తెలుసుకుంటుందని డొనాల్డ్ గ్రిఫిన్ 1938 నుంచి చేసిన ప్రయోగాలు నిరూపించాయి. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్‌కు మించిన ధ్వనిని వినలేదు. ష్నైడర్ ఆకుముక్కు గబ్బిలం దాదాపు 135 కిలోహెర్ట్జ్ దగ్గర కూస్తుంది. ఈ వర్గంలో ఒక్కొక్క జాతి దాదాపు ఒకే స్థాయిని అంటిపెట్టుకుంటుంది కాబట్టి డిటెక్టర్ అనే పరికరంలో నమోదైన కూతే జాతికి ఆధారమవుతుంది. అయితే ఇంత హెచ్చు పౌనఃపున్యపు ధ్వని గాలిలో కొద్ది మీటర్లలోనే క్షీణిస్తుంది. పరికరం గుహ ముఖద్వారానికి దగ్గరగా లేకపోతే లోపల వందలు ఉన్నా ఒక్కటీ లేనట్టే నమోదు కావచ్చు.

గుట్టలను విడిచిపెట్టిన సర్వే వల్ల ఎంత నష్టమో కోలార్ ఉదంతం చెబుతుంది. తెలుగు మాట్లాడేవారు పెద్ద సంఖ్యలో ఉన్న ఆ కర్ణాటక జిల్లాలో, ఆలేరు గుట్టల్లాగే ధార్వార్ శిలాఖండానికి చెందిన హనుమనహళ్లి గుట్ట గుహ నుంచి కోలార్ ఆకుముక్కు గబ్బిలాన్ని డీటర్ కాక్, హెచ్.ఆర్. భట్ 1994లో కొత్త జాతిగా వర్ణించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన భార్గవి శ్రీనివాసులు, సి. శ్రీనివాసులు బృందం తరువాత అక్కడ జరిపిన పరిశీలనల్లో, అంతవరకు మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ ప్రాంతానికే పరిమితమనుకున్న దుర్గాదాస్ ఆకుముక్కు గబ్బిలం కూడా అదే గుట్టలో బయటపడింది. కోలార్ జాతి మాత్రం ఒకే గుహలో, 200లోపు సంఖ్యలో మిగిలి ఉందని, గ్రానైట్ తవ్వకాలు దాని పక్కకే వచ్చాయని తేలింది. తవ్వకాలను నిషేధించి, గుహల చుట్టూ 30 ఎకరాలను రక్షిత స్థలంగా ప్రకటించడానికి ఆ లెక్కే ఆధారమైంది. ఆ లెక్క తీసేవారు లేకపోతే గుట్టతోపాటు ఒక జాతి మొత్తం రాయిగానే అమ్ముడుపోయేది.

పండ్ల గబ్బిలాలను 1972 నాటి వన్యప్రాణి చట్టం ఎలుకలు, కాకులతో కలిపి హానికర జీవుల జాబితాలో చేర్చింది. ఆ జాబితా 2022 సవరణతో రద్దయింది. పురుగులను తినే జాతులు పొలాల మీద ఎగిరే చీడపురుగులను రాత్రంతా ఏరివేస్తాయి, పండ్ల జాతులు విత్తనాలను గుట్టలకు మోసుకెళతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ గుట్టల్లో క్వారీకి అనుమతి ఇచ్చే ముందు సందుసందునూ చూసి, మాపటివేళ కూతలను నమోదు చేయడం తప్పనిసరి చేయవలసి ఉంది. ఒక్క వేసవి పరిశీలన ఇందుకు చాలదు. వానాకాలంలో నీరు చేరిన సందును విడిచి గబ్బిలాలు వేరొక గుట్టకు తరలిపోవచ్చు. తల్లులు పసికూనలతో ఉన్న గుహలోకి దీపాలతో వెళితే అవి బెదిరి పిల్లలను జారవిడిచే ప్రమాదం ఉంది కాబట్టి, అటువంటి చోట లోపలికి పోకుండా ముఖద్వారం బయట కూర్చొని, వెలుగు తగ్గే సమయానికి ఎగిరివచ్చేవాటిని లెక్కించాలి.