మతిమరుపా, మనిషి తత్త్వమా?

హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే పెద్దరోడ్డు మీద, డోన్ దాటి గుత్తి చేరకముందు ప్యాపిలి వస్తుంది. రాత్రింబవళ్ళు లారీలు నడిచే దారి అది.

అట్లాంటి వూళ్ళో ఒక యిల్లు వున్నదనుకోండి. ఆ యింటి యజమానికి హెచ్.ఐ.వి. వున్నదని తెలిసి నాలుగేళ్ళయింది. జ్వరం లేదు, దగ్గు లేదు, తిండి సరిగానే తింటున్నాడు. కాని మనిషి మారిపోయాడు. బజారుకు పంపితే మూడు సరుకుల్లో రెండు మరచివస్తాడు. లెక్క అడిగితే విసుక్కుంటాడు. పిల్ల పరీక్ష పాసయిందన్నా సంతోషం లేదు, మేక చచ్చిందన్నా విచారం లేదు. "వీడికి వొళ్ళు బరువెక్కింది" అంటుంది తల్లి. "నా మీద మనసు విరిగింది" అనుకుంటుంది భార్య. యిద్దరూ పొరబడి వుండవచ్చు.

హెచ్.ఐ.వి. రక్తంలోని రక్షకకణాలను తినివేస్తుందని అందరూ విన్నదే. అది మెదడులో కూడా కాపురం పెడుతుందని చాలామందికి తెలియదు. మెదడుకు చుట్టూ ఒక కాపలాగోడ వుంది. రక్తంలోని ప్రతి వస్తువునూ అది లోపలికి రానివ్వదు. కాని రక్షకకణాలకు రాకపోకలున్నాయి. వైరసు ఆ కణాల కడుపులో దాక్కుని గోడ దాటుతుంది. పోలీసు దుస్తులలో దొంగ వచ్చినట్టన్నమాట! ఎంతో కాలం పట్టదు కూడా. థాయిలాండులో జరిగి 2012లో వెలువడిన పరిశోధనలో, వైరసు సోకిన ఎనిమిదో రోజు నాటికే వెన్నునీటిలో కనిపించినట్టు అంచనా కట్టారు.

విచిత్రమేమంటే, ఆలోచించే నాడీకణాలను ఈ వైరసు ముట్టుకోదు. వాటి పక్కన కాపలా వుండే మైక్రోగ్లియా అనే కణాలలో చేరుతుంది. ఆ కాపలా కణాలు కంగారుపడి ఘాటైన ద్రవాలు వెదజల్లుతాయి. వైరసు తయారుచేసే కొన్ని మాంసకృత్తులూ వాటికి తోడవుతాయి. నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే కొసలు ఆ సెగకు మాడుతాయి. ముఖ్యంగా దెబ్బతినేవి మెదడు ముందుభాగానికీ, లోతుననున్న కేంద్రాలకూ మధ్య దారులు. డోన్ బాగానే వుంది, గుత్తీ బాగానే వుంది. ప్యాపిలి దగ్గర రోడ్డు గుంతలు పడింది. అప్పుడు లారీ ఆగదు, ఆలస్యంగా చేరుతుంది. ఉత్సాహం, చురుకు, జ్ఞాపకం, ఒక పని మొదలుపెట్టి పూర్తిచెయ్యడం, అన్నీ ఆ దారిన నడిచేవే.

మనదేశంలో ఎక్కువగా వున్నది 'సి' తరగతి వైరసు. అందులోని 'టాట్' అనే మాంసకృత్తులో చిన్న తేడా వుందనీ, అందువల్ల అది మెదడు జోలికి అంతగా పోదనీ ఒకప్పుడు కొందరు శాస్త్రజ్ఞులు ఆశపడ్డారు. బెంగుళూరు నిమ్హాన్సు వారు యింకా మందులు మొదలుపెట్టని దక్షిణదేశపు రోగులను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించడంతో ఆ ఆశ సన్నగిల్లింది. జ్ఞాపకంలోను, చురుకులోను లోపం వీరిలోనూ కనబడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అంచనా ప్రకారం హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు మూడు లక్షల పైచిలుకు కనుక ఇది ఎక్కడో పరాయిదేశపు గొడవ కాదు.

అయితే భయపడవలసిన రోజులు పోయినాయి. మందులు లేనికాలంలో కొందరికి బుద్ధి పూర్తిగా మందగించి, నడక తడబడి, మంచాన పడేవారు. మందు క్రమంగా వాడేవారిలో ఆ ఘోరం యిప్పుడు అరుదు. మిగిలేది తేలికపాటి మందకొడితనం. అదీ అందరికీ రాదు. 2004 నుంచి ప్రభుత్వం ఈ మందులు వుచితంగా యిస్తున్నది. మొదట్లో వాడిన ఎఫవిరెంజ్ మాత్రకు తలతిరుగుడూ, పీడకలలూ వచ్చేవి. 2020 నుంచి దాని స్థానంలో డోలుటెగ్రవిర్ కలిసిన మాత్ర వచ్చింది, రోజుకు ఒకటే. పేదదేశాల కోసం ఆ మాత్రను మనిషికి ఏడాదికి 75 డాలర్లకే అందించడానికి 2017లో ఒప్పుకున్న రెండు కంపెనీలలో ఒకటి మన హైదరాబాదుది. ఈ సంగతి మనవాళ్ళు అంతగా చెప్పుకోరెందుకో!

మతిమరుపంతా వైరసు పనే అనుకోవడమూ తప్పే. దిగులు, తాగుడు, థైరాయిడు, మెదడుపొరలకు పట్టే క్షయ, వీటిలో ఏదైనా కావచ్చు. అందుకే డాక్టరు చూడాలి. ఆయన చేసే మొదటి పరీక్ష చిన్నదే: ఎడమచేతి వేళ్ళు వేగంగా ఆడించమంటారు, పిడికిలి, అరచెయ్యి, అంచు వరుసగా బల్లమీద ఆనించమంటారు, నాలుగు మాటలు చెప్పి కాసేపాగి మళ్ళీ అడుగుతారు.

ఇక అసలు చిక్కు. మాత్ర మరచినకొద్దీ వైరసు పెరుగుతుంది. వైరసు పెరిగినకొద్దీ మరపు పెరుగుతుంది. ఈ గుండ్రం తెంచగలవాళ్ళు యింట్లోవాళ్ళే. యజమాని స్థానంలో భార్యను పెట్టి చెప్పినా కథ యిదే; మగవాణ్ణి సోమరి అంటారు, ఆడదాన్ని గయ్యాళి అంటారు, అంతే తేడా. రాత్రి భోజనం కాగానే మాత్ర అని అలవాటు చెయ్యండి. మందుల కేంద్రానికి పోయినప్పుడు డబ్బా తీసుకుపొండి, అక్కడ మిగిలిన మాత్రలు లెక్కపెడతారు. లెక్క ఎక్కువ తేలితే "మానేశాడండీ" అని చాడీ చెప్పకండి. "మరచిపోతున్నాడండీ, బజారు సరుకులు కూడా మరుస్తున్నాడు" అని చెప్పండి.