బాండు రాసి ఉద్యోగంలో చేరి, మధ్యలో మానితే?

బత్తలపల్లె: వానను నమ్మి వేరుశనగ వేసే ఈ మెట్ట ప్రాంతంలో ఇంటికొకరైనా నెల జీతం తెచ్చేవారుండాలని కోరుకోవడం వింత కాదు. ఐటిఐ, నర్సింగు చదివిన పిల్లలు ధర్మవరంలో రైలెక్కి బెంగుళూరు పోతున్నారు. చేరిన రోజే వారి ముందు పెట్టే కాగితాల్లో బాండు ఒకటి. శిక్షణ ఇస్తాం, ఇన్నేళ్లు పనిచేయాలి, ముందే మానితే ఇంత సొమ్ము కట్టాలి అన్నది అందులోని షరతు. జామీనుగా తండ్రి చేత వేలిముద్ర వేయించుకోవడమూ కద్దు.

తల్లికి జబ్బు చేసో, మరోచోట మంచి జీతం దొరికో పని మానినప్పుడు ఆ కాగితం బయటికి వస్తుంది. లక్ష, రెండు లక్షలంటే ఇక్కడ ఒక పంటతో తీరే బాకీ కాదు.

బాండు చెల్లదులే అని ధీమాగా ఉండడం పొరపాటు. అప్పటి విజయా బ్యాంకులో 2007లో కొత్త పోస్టులో చేరిన ఒక అధికారి మూడేళ్లు నిండకుండా 2009లో మరో బ్యాంకుకు వెళ్లారు. బాండు ప్రకారం 2 లక్షలు కట్టి, తర్వాత కోర్టుకెక్కారు. కర్ణాటక హైకోర్టులో గెలిచినా, 2025 మే 14న సుప్రీంకోర్టు బ్యాంకు పక్షానే తీర్పు చెప్పింది.

అలాగని రాసిందంతా ప్రతిసారీ కట్టాలనీ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండులోని మొత్తం పైహద్దు మాత్రమే. ఆ లోపల సబబైన పరిహారమే ఇప్పిస్తారు. ఢిల్లీ హైకోర్టు 2011లో తేల్చిన కేసు చూడండి. బాండు 2 లక్షలకు. శిక్షణకు కంపెనీ పెట్టిన ఖర్చు సుమారు 67,600 రూపాయలు. ఉద్యోగి మూడేళ్లలో రెండేళ్లు పనిచేశాడు గనుక మిగిలిన మూడోవంతు, అంటే దాదాపు 22,500 రూపాయలే చెల్లించమన్నారు. శిక్షణే ఇవ్వని యజమాని ఏ ఖర్చు చూపగలడు?

సొమ్ము అడగవచ్చు గాని, బలవంతంగా పని చేయించే హక్కు ఎవరికీ లేదు. అప్పు కింద జీతానికి కట్టేసే పద్ధతి 1976 చట్టంతోనే రద్దయింది.

సంతకానికి ముందు బాండు నకలు అడిగి తీసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వదిలి రాకుండా జిరాక్సులిస్తే మేలు. లాయరు నోటీసు వస్తే మూల పడేయకుండా జవాబివ్వాలి. స్త్రీలకు, ఎస్‌సి, ఎస్‌టిలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. ధర్మవరం కోర్టులో న్యాయసేవా కమిటీని అడగవచ్చు.