వేటకుక్కకు పది వారాల లెక్క

2003 అక్టోబరు 18. అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో ఫెజెంట్ వేట మొదలైన రోజు. ఆ వారాంతంలో ఎండ అక్టోబరు నెలకు మించి కాసింది. అప్పట్లో సీజన్ తొలి రోజుల్లో మధ్యాహ్నం 12 దాటాకే తుపాకీ పేల్చనిచ్చేవారు. దాంతో సూర్యుడు నడినెత్తికి వచ్చాక కుక్కలు పొలాల్లోకి దిగాయి. ఆ రెండు రోజుల్లోనే 100కు పైగా వేటకుక్కలు వడదెబ్బతో చనిపోయాయని అంచనా.

సీజన్ వస్తోందంటే లైసెన్సు, తూటాలు, బూట్లు, బస గుర్తొస్తాయి. వీటన్నిటినీ ఒక వారంలో సమకూర్చుకోవచ్చు. కుక్క ఒళ్లు మాత్రం వారంలో తయారు కాదు. దానికి పది వారాలు పడుతుంది. అందుకే సీజన్ ప్రణాళికను పిట్టల లెక్కతో కాకుండా కుక్క శరీరం లెక్కతో మొదలుపెట్టాలి.

సీజన్ కొలతలు

ఫెజెంట్ ఆసియా పక్షి, మన అడవికోడి కుటుంబానికి చెందినదే. 1880లలో చైనా నుంచి ఆరెగాన్‌కు తెచ్చి వదిలారు. సౌత్ డకోటాలో తొలి సీజన్ 1919లో, స్పింక్ కౌంటీలో, ఒకే ఒక్క రోజు జరిగింది. ఇప్పుడు అక్టోబరు మూడో శనివారం మొదలై జనవరి 31 దాకా సాగుతుంది. పొద్దున 10 నుంచి సూర్యాస్తమయం వరకు వేటాడవచ్చు. మనిషికి రోజుకు 3 పిట్టలు, అవీ పుంజులే. పెట్టను కొట్టకూడదు. దగ్గర ఉంచుకోగలిగింది 15. బయటి రాష్ట్రాల వారికిచ్చే లైసెన్సులో ఐదేసి రోజుల విడతలు రెండు ఉంటాయి.

అక్టోబరు మూడో శనివారం నుంచి పది వారాలు వెనక్కి లెక్కిస్తే ఆగస్టు మొదటి పక్షం. పని అక్కడ మొదలవ్వాలి.

పదో వారం: బరువు, వైద్యుడు

ముందు కుక్క పక్కటెముకల మీద అరచేయి ఆనించి మెల్లగా జరపండి. మీ చేతిని చాచి, వెనకవైపు వేళ్ల మొదళ్లను తడిమితే ఎముక ఎలా తెలుస్తుందో, పక్కటెముకలు అలా తెలియాలి. గట్టిగా నొక్కితే తప్ప దొరకలేదంటే కొవ్వు పట్టిందన్నమాట. పశువైద్యులు వాడే 9 అంకెల కొలతలో వేటకుక్క 4 లేదా 5 దగ్గర ఉండాలి.

సన్నగా ఉంచడం వల్ల దక్కేది వేట ఒక్కటే కాదు. 48 లాబ్రడార్ కుక్కల్ని జీవితాంతం గమనించిన అధ్యయనం ఒకటి 2002లో వెలువడింది. వాటిని జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికన్నా రెండోదానికి 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి.

టీకాలు, గుండె పురుగుల మందు, పేల మందు, పళ్లు, గోళ్లు ఈ వారంలోనే చూపించేయాలి. లాబ్రడార్ అయితే ఇంకో పరీక్ష ఉంది. బాగా పరుగెత్తిన 5 నుంచి 15 నిమిషాల్లో వెనక కాళ్లు చచ్చుబడి కూలిపోయే వంశపారంపర్య జబ్బు ఈ జాతిలో కనిపిస్తుంది. దానికి కారణమైన జన్యువును 2008లో గుర్తించారు. జన్యుపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు.

పరుగు పెంచే పద్ధతి

పొలంలో వేటగాడు 8 కిలోమీటర్లు నడిస్తే, అటూ ఇటూ వెతుకుతూ తిరిగే పాయింటర్ జాతి కుక్క దానికి మూడు నుంచి ఐదు రెట్లు పరుగెడుతుంది. అంటే 24 నుంచి 40 కిలోమీటర్లు. ఎనిమిది నెలలు సోఫా మీద పడుకున్న కుక్కను ఒకేసారి ఇందులోకి దింపడం అన్యాయం.

• 10, 9 వారాలు: రోజుకు 20 నిమిషాలు, వారానికి 3 రోజులు.
• 8, 7 వారాలు: 30 నిమిషాలు, 4 రోజులు.
• 6, 5, 4 వారాలు: 45 నుంచి 60 నిమిషాలు, 4 రోజులు. వాటిలో ఒక రోజు ఈత.
• 3, 2 వారాలు: 45 నిమిషాలు మూడు రోజులు. నాలుగో రోజు ఎత్తైన గడ్డిలో గంటన్నర నుంచి రెండు గంటలు.
• చివరి వారం: అన్నిటినీ సగానికి తగ్గించాలి.

ఆగస్టులో పొద్దు పొడవకముందే ముగించాలి. అలాగని కుక్కను సీజన్ దాకా ఏసీ గదిలోనే ఉంచితే బయటి వేడికి అలవాటు పడదు. ఆ అలవాటు మొదలవడానికి 10 నుంచి 20 రోజులు, పూర్తవడానికి రెండు నెలల దాకా పడుతుంది. మట్టి మీద, మొరం మీద నడిపిస్తుంటే పాదాలూ గట్టిపడతాయి.

తిండి లెక్క

కుక్కకు విశ్రాంతిలో ఎన్ని కేలరీలు కావాలో చెప్పే సూత్రం చిన్న కాలిక్యులేటర్‌కు సరిపోతుంది. బరువును మూడుసార్లు గుణించి, రెండుసార్లు వర్గమూలం తీసి, 70తో గుణించాలి. 25 కిలోల కుక్కకు 25×25×25 అంటే 15,625. మొదటి వర్గమూలం 125, రెండోది 11.18. దాన్ని 70తో గుణిస్తే సుమారు 780 కేలరీలు.

వేట రోజున దీనికి రెండు నుంచి నాలుగు రెట్లు, అంటే 1,560 నుంచి 3,120 కేలరీలు కావాలి. కిలోకు 4,200 కేలరీలున్న పొడి తిండి అయితే 370 గ్రాముల నుంచి 740 గ్రాముల వరకు. చలి పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ.

దూరం పరుగెత్తే కుక్కకు ప్రధాన ఇంధనం కొవ్వు. అందుకే 30 శాతం ప్రొటీన్, 20 శాతం కొవ్వు ఉన్న తిండిని ఎంచుకుంటారు. కండరాలు ఆ కొవ్వును బాగా వాడుకోవడం నేర్చుకోవడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది కాబట్టి ఆగస్టులోనే మార్చాలి. మార్పు కూడా 7 నుంచి 10 రోజుల్లో, పాతదానిలో కొత్తది కలుపుతూ జరగాలి.

పెద్ద భోజనం సాయంత్రమే పెట్టాలి, అదీ కుక్క పూర్తిగా సేదతీరాక. నిండు కడుపుతో పరుగెడితే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. అది గంటల్లో ప్రాణం తీస్తుంది. పగలు మధ్యమధ్య కొద్దిపాటి చిరుతిండి చాలు.

వేడి: ప్రాణం నిలిపే అంకెలు

పరుగెత్తేటప్పుడు కండరం ఖర్చుచేసే శక్తిలో దాదాపు మూడొంతులు వేడిగా మారుతుంది. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల కింద మాత్రమే పడుతుంది. మిగతా భారమంతా నాలుక మీద, ఊపిరి మీద పడుతుంది. నిమిషానికి 10 నుంచి 30 సార్లుండే శ్వాస రొప్పేటప్పుడు 300 దాకా వెళ్తుంది.

కుక్క సహజ ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. పరుగులో 104, 105కు చేరడం మామూలే. నీడలో ఆపితే దిగిపోతుంది. 106 దాటి, నడక తడబడితే అది వడదెబ్బ.

థర్మామీటర్ కన్నా ముందు నాలుక చెబుతుంది. చివర పారలా వెడల్పై, పక్కకు వేలాడి, ముదురు ఎరుపుకు తిరుగుతుంది. పిలిస్తే తల తిప్పదు. నీడ కనిపించగానే దూరి పడుకుంటుంది. ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ రోజుకు ఆ కుక్క వేట అయిపోయినట్టే.

అప్పుడు ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రికి బయల్దేరాలి. చెరువు దగ్గరుంటే దించండి, లేకుంటే పొట్ట, తొడల లోపలి వైపు నీళ్లు పోసి గాలి తగలనివ్వండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, వేడి లోపలే చిక్కుకుంటుంది. 103.5కు దిగగానే నీళ్లు ఆపేయాలి, లేకుంటే మరీ చల్లబడిపోతుంది. లేచి తోక ఊపినా వైద్యుడికి చూపించాల్సిందే. లోపలి అవయవాలకు తగిలిన దెబ్బ గంటల తర్వాత బయటపడుతుంది.

25 కిలోల కుక్క ఊరికే కూర్చున్నా రోజుకు 1.25 నుంచి 1.5 లీటర్లు తాగుతుంది. వేటకు కుక్కకు 4 లీటర్లకు తగ్గకుండా తీసుకెళ్లాలి. ఒళ్లు తడపడానికి బండిలో 20 లీటర్ల క్యాను వేరుగా ఉండాలి. పావుగంటకోసారి గుక్కెడు పట్టడం మేలు.

రొప్పే కుక్క నోటితో గాలి పీలుస్తుంది, వాసన సరిగా పట్టలేదు. 1969 నుంచి పనిచేస్తున్న నార్త్ అమెరికన్ వెర్సటైల్ హంటింగ్ డాగ్ అసోసియేషన్ కుర్రకుక్కలకు పెట్టే సహజ సామర్థ్య పరీక్షలో 112 మార్కులుంటే, ఒక్క ముక్కుకే 24. కుక్క వేడెక్కితే మొదట పోయేది ఆ ముక్కే. పక్కనే దాక్కున్న పుంజును దాటి వెళ్లిపోతుంది.

తుపాకీ శబ్దం, పిలుపు

శబ్దానికి భయపడే కుక్కను చాలావరకు మనిషే తయారుచేస్తాడు. కుర్రకుక్క పిట్ట వెంట మైమరచి పరుగెడుతున్నప్పుడు, 100 మీటర్లకు పైగా దూరంలో, చిన్న శబ్దంతో మొదలుపెట్టాలి. చెవి కూడా కదపకపోతేనే వారం వారం దగ్గరకు రావాలి. ‘ఆగు’ అన్నా, ‘రా’ అన్నా ఒక్క పిలుపుకే మాట వినాలి. రోడ్డు పక్క పొలాల్లో దాని ప్రాణం ఆ మాట మీదే ఉంటుంది.

ఐదు రోజుల ప్రణాళిక

నలుగురు వెళ్తే రోజుకు 12 పుంజులు, ఐదు రోజులకు 60. ఆ 60 కోసం ఒకే కుక్కను ఐదు రోజులూ పరుగెత్తించకండి. రెండు కుక్కలుంటే పూటకొకటి. ఒకటే ఉంటే రోజుకు ఒక పూట, మూడో రోజు పూర్తి సెలవు. ఎండ రోజుల్లో 10 నుంచి 12 వరకు, మళ్లీ సూర్యాస్తమయానికి ముందు రెండు గంటలు చాలు. చివరి గంటలో పుంజులు రాత్రి గడిపే గడ్డికి తిరిగొస్తాయి. అప్పటికి నేలా చల్లబడుతుంది.

ప్రజల వేట కోసం రైతుల నుంచి రాష్ట్రం తీసుకున్న భూములు సౌత్ డకోటాలో పది లక్షల ఎకరాలకు పైగా ఉన్నాయి. మిగతా పొలాల్లోకి యజమాని అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు.

సాయంత్రం బండి దగ్గర కుక్కను పడుకోబెట్టి వేళ్ల సందులు, చెవులు, చంకలు, కళ్లు ఒక్కొక్కటిగా వెతకండి. ముల్లున్న గడ్డి గింజలు బాణంలా ముందుకే దూరతాయి, వెనక్కి రావు. తీయకపోతే చీము పట్టి, ఒక్కోసారి ఛాతీ దాకా వెళ్తాయి. సన్నని పటకారు, దువ్వెన, కళ్లు కడిగే సెలైన్, బ్యాండేజీ, థర్మామీటర్, దగ్గర్లోని పశువైద్యుడి నంబరు సంచిలో ఉండాలి.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ వేట నేరం. కముజు పిట్టను కొట్టినా కేసే. కాబట్టి తుపాకీ భాగం అమెరికాలో, అక్కడి చట్టం ప్రకారం వేటాడేవారికే. వేడి లెక్క మాత్రం మే నెలలో విజయవాడలో, కరీంనగర్‌లో కుక్కను నడకకు తీసుకెళ్లే ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. ఇంట్లో కుక్క ఉంటే ఒక థర్మామీటర్ కొని ఉంచండి. 106 అన్న అంకెను ఇంటిల్లిపాదికీ నేర్పండి.