నీట మునిగినా నిలిచే వరి!

బుడమేరు పొంగినా, తమ్మిలేరు ఉరికినా ఆ నీళ్లన్నీ చేరేది కొల్లేరుకే. అక్కణ్నుంచి సముద్రానికి దారి ఒక్క ఉప్పుటేరే. ఆ దారి చాలక నీళ్లు వెనక్కి తన్నాయంటే సరస్సు చుట్టూ ఉన్న సార్వా చేలు రోజుల తరబడి మునకేస్తాయి. తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ ముంపు సరేసరి. అప్పుడు చేను దక్కుతుందా లేదా అన్నది మొక్కలోని మూడు రకాల భారీ అణువుల మీద ఆధారపడి ఉంటుంది. అవే... పిండిపదార్థం, ప్రోటీను, డీఎన్‌ఏ!

చిన్న చిన్న అణువులు వందలూ వేలుగా గొలుసు కడితే ఏర్పడేవే ఈ బృహదణువులు. ఆ గొలుసు ఎలా అల్లుకుందన్నదాన్ని బట్టే అది చేసే పని ఉంటుంది.

ఊపిరాడక ఉరుకులు

వరికి నీళ్లంటే ఇష్టమే కదా, మునిగితే ఏమవుతుంది? పాదాలు తడిస్తే ఫర్వాలేదు, తల మునిగితేనే చిక్కు. గాలిలో కన్నా నీటిలో వాయువుల కదలిక దాదాపు 10,000 రెట్లు నెమ్మది. దాంతో ఆకులకు ఆక్సిజన్ సరిగా అందదు. మొక్కలో పుట్టిన ఇథిలీన్ వాయువు బయటికి పోలేక లోపలే పోగవుతుంది. అదే ప్రమాద సంకేతం. ఎలాగైనా నీటిపైకి తేలాలని మొక్క గబగబా సాగడం మొదలుపెడుతుంది.

అందుకు ఖర్చయ్యేది దాచుకున్న పిండిపదార్థమే. గ్లూకోజు అణువుల్ని పూసల్లా గుచ్చితే వచ్చే దండ అది. పూసలు వరసగా ఉంటే అమైలోజ్, కొమ్మల్లా చీలితే అమైలోపెక్టిన్. ఎంజైములు కత్తెరల్లా ఈ దండల్ని తెంపితే వచ్చే చక్కెరే మొక్కకు శక్తి. నీరు త్వరగా తీస్తే సరే. వారం దాటిందంటే నిల్వలు నిండుకుంటాయి. తీరా నీరు తీశాక, పలచగా సాగిన మొక్క నిలబడలేక ఒరిగిపోతుంది.

‘ఆగు’ అనే ప్రోటీను

ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్‌13ఎ అనే వరి తీరే వేరు. మునగ్గానే ఎదుగుదల ఆపేసి ఓపిగ్గా కూర్చుంటుంది. సుమారు రెండు వారాలు ఓర్చుకుని, నీరు తీయగానే మళ్లీ చిగురిస్తుంది. ఆ ఓర్పు వెనకున్నది 9వ క్రోమోజోము మీది ‘సబ్‌1ఎ’ జన్యువని 2006లో ‘నేచర్’ పత్రికలో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

డీఎన్‌ఏలోని జన్యువు ఓ వంట చిట్టా లాంటిది. అందులో రాసి ఉన్న వరసలోనే 20 రకాల అమైనో ఆమ్లాలు గొలుసు కట్టి, మడత పడి ప్రోటీను అవుతుంది. సబ్‌1ఎ ప్రోటీను ఇతర జన్యువుల పనిని అదుపు చేస్తుంది. సాగుడుకు కళ్లెం వేసి, పిండిపదార్థాన్ని పొదుపు చేయిస్తుంది.

మన స్వర్ణకు కొత్త బలం

ఎఫ్‌ఆర్‌13ఎ మొండిదే కానీ దిగుబడి తక్కువ. మరోపక్క పశ్చిమగోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో అందించిన ‘స్వర్ణ’ (ఎంటీయూ 7029) దేశమంతా పాకింది. దానికి ముంపును తట్టుకునే శక్తి లేదు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఈ రెండు గుణాల్నీ కలిపింది. సబ్‌1 ఉన్న వరితో స్వర్ణను సంకరం చేసి, వచ్చిన మొక్కల్ని మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలిపారు. ప్రతి తరంలో నారు దశలోనే డీఎన్‌ఏ గుర్తుల్ని పరీక్షించి కావలసినవే ఏరుకున్నారు. సి.ఎన్.నీరజ, సహ పరిశోధకులు 2007లో ఈ పద్ధతిని ప్రచురించారు. 2009లో ‘స్వర్ణ సబ్‌1’ మన దేశంలో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. గింజా, దిగుబడీ దాదాపు పాత స్వర్ణవే.

అలాగని ఇది అన్ని వరదలకూ మందు కాదు. పిలకల దశలో వచ్చే ముంపును ఓర్చుకుంటుంది కానీ పూత సమయంలో మునిగినా, నీరు వారాల తరబడి కదలకుండా నిలిచినా నష్టం తప్పదు. జన్యువు ఇచ్చేది రెండు వారాల గడువు మాత్రమే. ఆలోగా డ్రెయిన్లు పారి, నీరు ఉప్పుటేరు దాటితేనే రైతు కష్టం ఇంటికి చేరుతుంది!