ఈ వంకరకు నా షాపులో మందు లేదు

మల్లాపూర్‌లో నాది మెడికల్ షాపు. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు నలుగురిలోనూ నోరు తెరిచి అడుగుతారు. కొందరు మాత్రం ఆడవాళ్లెవరూ లేరని చూసుకుని, షట్టర్ దించే వేళకు వస్తారు. "అన్నా, ఏదన్న నూనె ఉన్నదా?" అంటారు. దేనికంటే తల దించుకుంటారు. కాసేపటికి అసలు సంగతి బయటికొస్తుంది: గట్టిపడ్డప్పుడు అంగం ఒక పక్కకు వంగుతోందన్న దిగులు. భార్యకు చెప్పరు, డాక్టరుకు చెప్పరు. గోడల మీది పోస్టర్లలో నంబర్లకు మాత్రం ఫోన్ చేస్తారు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ముందుగా కుర్రాళ్లకు. కొద్దిపాటి వంపు సహజం. కొందరికి పుట్టుకతోనే అది ఎక్కువగా ఉంటుంది, ఎక్కువగా కిందివైపుకు. వయసొచ్చాక గానీ తెలియదు. చేతికి గడ్డ తగలదు, నొప్పి ఉండదు. కలయికకు అడ్డం రాకపోతే దానికి వైద్యమే అక్కర్లేదు. హస్తప్రయోగం వల్లే ఇలా అయిందని పెళ్లి కుదిరిన పిల్లలు కుమిలిపోతుంటారు. పుట్టుకతో వచ్చిన వంపుకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

నడివయసులో కొత్తగా వచ్చే వంకర సంగతి వేరు. దాన్ని పెరోనీ జబ్బు అంటారు. ఫ్రాన్స్ రాజు 15వ లూయీ దగ్గర సర్జన్‌గా ఉన్న లా పెరోనీ 1743లో దీన్ని వివరించాడు. ఆయన పేరే దీనికి నిలిచిపోయింది.

మస్కట్‌లో కట్టుబడి పని చేసి వచ్చినాయన ఒకరు, యాభై దాటింది, షుగర్ మాత్రలకు నా దగ్గరికే వస్తాడు. ఒకరోజు గొంతు తగ్గించి, "తమ్మీ, లోపల గింజంత గట్టిగ తాకుతాంది. లేచినప్పుడు నొస్తాంది, మీదికి వంగుతాంది. నాలుగు నెల్లాయె" అన్నాడు. నోట్లు లెక్కపెడుతుంటే ఆయన చేయి చూశాను. ఉంగరం వేలు పూర్తిగా చాపలేకపోతున్నాడు. అరచేతి చర్మం కింద గట్టి పోగు కనిపిస్తోంది. దాన్ని డ్యూపిట్రాన్ కాంట్రాక్చర్ అంటారు. చేతికి అది ఉన్నవాళ్లలో పెరోనీ ఎక్కువగా కనిపిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకూ ముప్పు ఎక్కువే.

ఇదెలా వస్తుందంటే, అంగంలో రక్తంతో నిండే రెండు గొట్టాలుంటాయి. వాటి చుట్టూ సాగే గుణమున్న గట్టి పొర ఉంటుంది. కలయికలో ఆ పొరకు తెలిసీ తెలియని దెబ్బలు తగులుతాయి. మానేటప్పుడు కొందరికి అక్కడ మచ్చకట్టి బిరుసెక్కుతుంది. సైకిల్ ట్యూబుకు పంచరు అతికించిన చోట రబ్బరు సాగదు, గాలి కొడితే ట్యూబు ఆ పక్కకే వంగుతుంది. ఇక్కడ జరిగేదీ అదే. ఇది క్యాన్సర్ కాదు, సుఖవ్యాధి కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు.

మొదటి దశ ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉంటుంది. నొప్పి ఉంటుంది, వంపు మారుతూ ఉంటుంది. తర్వాత నొప్పి తగ్గి, వంపు ఒకచోట ఆగుతుంది. దానంతటదే సరయ్యేది కొద్దిమందికే.

విటమిన్-ఇ గోళీలు నా షాపులో ఉన్నాయి. ఏళ్ల తరబడి దీనికి అవే రాసేవారు. అమెరికా యూరాలజీ సంఘం 2015 మార్గదర్శకాల్లో విటమిన్-ఇ, ఒమేగా-3, టామోక్సిఫెన్ వంటివి దీనికి ఇవ్వొద్దని చెప్పేసింది. నొప్పి మాత్రలు నొప్పికే. మచ్చలోకి నేరుగా ఇచ్చే ఇంజెక్షన్లున్నాయి: వెరాపమిల్, ఇంటర్‌ఫెరాన్. కొలాజినేజ్ అనే ఎంజైము ఇంజెక్షన్‌కు అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. వంపు 30 డిగ్రీలు దాటి, స్తంభన బాగున్నవాళ్లకు దాన్ని ఇస్తారు. షాక్‌వేవ్ చికిత్స నొప్పిని తగ్గిస్తుందే గానీ వంపును సరిచేయదు.

ఆపరేషన్ మాట వంపు పూర్తిగా ఆగాకే. పొడుగ్గా ఉన్న పక్కన కుట్లు వేసి రెండు పక్కలూ సమం చేస్తారు. కొంత పొడవు తగ్గుతుంది, ఆ సంగతి ముందే డాక్టరును అడిగి తెలుసుకోవాలి. వంపు మరీ ఎక్కువైతే మచ్చను కోసి అక్కడ అతుకు వేస్తారు. మందులతోనూ స్తంభన రానివాళ్లకు ఇంప్లాంట్ పెడతారు.

ఇక పోస్టర్ల సంగతి. అంగం సైజు, ఆకారం బాగుచేస్తామని చెప్పి మందు అమ్మకూడదని మన ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్-జె చెబుతోంది. లైంగిక సామర్థ్యం పెంచుతామన్న మందుల ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. గోడ మీద ఉన్నంత మాత్రాన అది వైద్యం కాదు.

మస్కట్ అన్నను యూరాలజిస్టు దగ్గరికి పంపుతూ ఒక మాట చెప్పాను: గట్టిపడ్డప్పుడు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటో తీసుకుపోతే వంపెంతో డాక్టరుకు తెలుస్తుందని. "ఫోన్ల పెట్టుకుంటే పోరగాండ్లు చూస్తరు తమ్మీ!" అని బెదిరిపోయాడు. ముఖం రాకుండా తీసి, చూపించినంక తీసేయమన్నాను. మన పక్కనే జగిత్యాలలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, ముందు అక్కడ అడగొచ్చు. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రుల్లో యూరాలజీ విభాగాలున్నాయి.

రెండు సందర్భాల్లో అస్సలు ఆలస్యం పనికిరాదు. కలయికలో టక్కుమని చప్పుడై, వెంటనే మెత్తబడి, కమిలి వాచిందంటే ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. పసిపిల్లాడికి మూత్రం కొసనుంచి కాక కిందినుంచి వస్తూ, అంగం కిందికి వంగి ఉంటే పిల్లల సర్జన్‌కు చూపించాలి. ఆపరేషన్ ఆరు నెలలకూ ఏడాదిన్నరకూ మధ్య చేస్తారు. అప్పటిదాకా సున్తీ చేయించకూడదు, ఆ చర్మం ఆపరేషన్‌కు అవసరపడుతుంది.

మిగతావాళ్లు చూసుకోవాల్సినవి నాలుగే. వంపు కొత్తగా వచ్చిందా? పెరుగుతోందా? నొప్పి పెడుతోందా? కలయికకు అడ్డమవుతోందా? ఒక్కటైనా అవునంటే ఇంటామెకు చెప్పి, ఇద్దరూ కలిసి యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. నాలుగూ కాదంటే అది జబ్బే కాదు, పైసలు దండగ చేసుకోకండి.